రెండెకరాలు అమ్మి పిస్టల్ కొనాలా? ఎయిర్ పిస్టల్ ఎంపిక, ట్యూనింగ్ గురించి మాట్లాడుకుందాం

(వీడియో ఎపిసోడ్‌కి ఇది రాత రూపం. మాటల్లో వచ్చిన తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది చెప్పింది చెప్పినట్టే ఉంది.)

పుట్టపర్తి నుంచి మాట్లాడుతున్నాను. బయట ఎండ చూస్తే మీకే తెలుస్తుంది, ఫ్యాన్ సౌండ్ వస్తే కొంచెం సర్దుకోండి.

ఈరోజు ఎపిసోడ్ ఒక్క మెసేజ్ వల్ల చేస్తున్నా. కొత్తచెరువు పక్క పల్లె నుంచి ఒక తమ్ముడు పంపాడు, ఇంటర్ చదువుతున్నాడు. "అన్నా, నాకు షూటింగ్ అంటే పిచ్చి. రీల్స్‌లో పరిగెత్తుతా కాల్చేది చూసినా, ఒలింపిక్స్ కూడా చూసినా. మంచి పిస్టల్ లేకుంటే మెడల్ రాదంట కదా. మా నాయన రెండెకరాలు అమ్మి కొనిస్తా అంటాండాడు. ఏ మోడల్ తీసుకోమంటావు?"

చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. మోడల్ పేరు చెప్పడం ఐదు సెకన్ల పని. కానీ మన సీమలో రెండెకరాలంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. వాన పడితే శెనక్కాయ, పడకపోతే అప్పు. అది పోతే మళ్లీ రాదు. అందుకని మోడల్ చెప్పకుండా, అసలు ఆ పిస్టల్ ఏం పని చేస్తుంది, ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు, కొన్నాక ఎలా సెట్ చేసుకోవాలి, ఇవన్నీ వరసగా చెప్తా. ఆఖర్లో తమ్ముడికి జవాబు కూడా చెప్తా.

ముందు రీల్స్ సంగతి

తమ్ముడు చూసిన ఆ పరుగెత్తే షూటింగ్‌ని ప్రాక్టికల్ షూటింగ్ అంటారు. దాని అంతర్జాతీయ సంస్థ ఐపీఎస్‌సీ, 1976లో అమెరికాలో మొదలైంది. అందులో వచ్చిన పాయింట్లని పట్టిన టైమ్‌తో భాగిస్తారు. అంటే గురీ కావాలి, వేగమూ కావాలి. దాంట్లో డివిజన్లు ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చిన గన్‌ని దాదాపు అలాగే వాడే వాళ్లకి ఒకటి, పైన ఆప్టికల్ సైట్, ముందు కాంపెన్సేటర్ అన్నీ బిగించుకునే వాళ్లకి ఇంకొకటి. సామాన్లతో గెలుపు కొనేయకుండా వాళ్లే గీత గీసుకున్నారు, గమనించండి.

మన దేశంలో మామూలు మనిషికి అసలు తుపాకీ లైసెన్స్ రావడం చాలా కష్టం. అందుకని మన ఊళ్ల నుంచి పోటీ షూటింగ్‌లోకి వెళ్లే నిజమైన గుమ్మం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, లేదా ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల బోరు దాటకుండా, 20 జౌల్స్ శక్తి దాటకుండా ఉన్న ఎయిర్ గన్‌కి మన ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. పోటీ ఎయిర్ పిస్టల్ శక్తి ఇందులో సగం కూడా ఉండదు. ఈరోజు మాట అంతా ఎయిర్ పిస్టల్ మీదే.

ఒకే ఒలింపిక్స్, రెండు ఫోటోలు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండు ఫోటోలు మీ అందరి ఫోన్లలోకీ వచ్చుంటాయి. ఒకటి కొరియా అమ్మాయి కిమ్ యేజీ. కంటి మీద సినిమాలో రోబో లాగా మెకానికల్ కళ్లద్దాలు. ఇంకొకటి టర్కీ ఆయన యూసుఫ్ దికేచ్. మామూలు కళ్లజోడు, టీషర్టు, ఒక చెయ్యి ప్యాంటు జేబులో. మీమ్స్ అన్నీ ఆయన మీదే. "సామాన్లేమీ లేకుండా వచ్చి కొట్టేశాడు" అని.

ఇద్దరికీ వచ్చింది ఏంటి? వెండి పతకమే. ఆమెకి మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో, ఆయనకి మిక్స్‌డ్ టీమ్‌లో.

మీమ్ చెప్పని విషయం ఒకటుంది. దికేచ్ ముఖం మీద సామాన్లు లేవు కానీ, చేతిలో ఉన్నది పక్కా మ్యాచ్ పిస్టల్. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ కూడా ఉన్నాయి. అప్పటికి ఆయనకి 51 ఏళ్లు, అది ఆయనకి ఐదో ఒలింపిక్స్. ఆయన రెండు కళ్లూ తెరిచి కాలుస్తాడు, అందుకని ఒక కన్ను మూసే పట్టీ ఆయనకి అవసరం లేదు. కిమ్‌కి ఆ అద్దాలు అవసరం, పెట్టుకుంది. ఇద్దరూ చేసింది ఒకటే పని. తమ ఒంటికి ఏది సరిపోతుందో కనిపెట్టి, దాన్నే పట్టుకుని ఏళ్ల తరబడి కాల్చారు.

ఈ ఎపిసోడ్ మొత్తానికి ఇదే పాయింట్. మంచి పిస్టల్ అంటే ఖరీదైనది కాదు. మీ చేతికి కుదిరి, నిన్న కాల్చినట్టే ఈరోజూ కాల్చనిచ్చేది. ట్యూనింగ్ అంటే అలా కుదిరేదాకా మార్చడం. కుదిరాక ఇంక ముట్టుకోకపోవడం.

టార్గెట్ ఎంత చిన్నదో లెక్కేద్దాం

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది రింగు అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. మధ్యలో కనిపించే నల్ల గుండ్రం 59.5 మిల్లీమీటర్లు. ఒక రింగు నుంచి ఇంకో రింగుకి 8 మిల్లీమీటర్లు. ఫైనల్స్‌లో దశాంశాల్లో లెక్కేస్తారు, అంటే 0.1 పాయింట్ కేవలం 0.8 మిల్లీమీటర్.

ఇది ఎంత ముఖ్యమో చూడండి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2025లో చైనాలోని నింగ్బో వరల్డ్ కప్‌లో ఎయిర్ పిస్టల్ బంగారం గెలిచింది. తేడా 0.1. ఒక మిల్లీమీటర్ కూడా కాదు.

ఇప్పుడు అసలు లెక్క. పిస్టల్ మీద ముందు ఒక సైట్, వెనక ఒక గాడి ఉన్న సైట్ ఉంటాయి. రెండింటి మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు అనుకుందాం. మీ చెయ్యి మొత్తం ఒకేలా 1 మిల్లీమీటర్ పక్కకి ఊగింది, సైట్లు రెండూ వరసలోనే ఉన్నాయి. అప్పుడు టార్గెట్ మీద తేడా 1 మిల్లీమీటరే. నష్టమేం లేదు. అదే మణికట్టు కొంచెం తిరిగి, ముందు సైట్ వెనక గాడిలో 1 మిల్లీమీటర్ పక్కకి పోయింది అనుకోండి. 10 మీటర్లని 32 సెంటీమీటర్లతో భాగిస్తే 31. అంటే టార్గెట్ మీద 31 మిల్లీమీటర్లు. దాదాపు నాలుగు రింగులు పోయినట్టే!

అర్థమైందా? చెయ్యి ఊగడం పెద్ద శత్రువు కాదు. ఊగని మనిషి లేడు, ఒలింపిక్ చాంపియన్ చెయ్యి కూడా ఊగుతుంది. అసలు శత్రువు మణికట్టు తిరగడం, ట్రిగ్గర్ లాగేటప్పుడు పిస్టల్‌ని పక్కకి నెట్టడం. ఈ రెండింటినీ కాపాడేవి రెండే భాగాలు: గ్రిప్, ట్రిగ్గర్. మన డబ్బు, మన టైమ్ ముందు అక్కడికే పోవాలి.

గ్రిప్: చెప్పు కాలికి సరిపోయినట్టు

మ్యాచ్ పిస్టల్ గ్రిప్ చెక్కతో, చేతి ఆకారంలో చెక్కి ఉంటుంది. చిన్నది, మీడియం, పెద్దది అని సైజులుంటాయి, కుడి చేతికి ఎడమ చేతికి వేరు. కొనేటప్పుడు జనం చేసే మొదటి తప్పు ఇక్కడే. బ్రాండ్ చూస్తారు, సైజు చూడరు.

పరీక్ష సులువు. కళ్లు మూసుకోండి. పిస్టల్ పట్టుకుని, చెయ్యి టార్గెట్ వైపు చాచండి. కళ్లు తెరవండి. ముందు సైట్ వెనక గాడిలో మధ్యలో కనిపించిందా? గ్రిప్ కుదిరింది. ప్రతిసారీ ఎడమకే పోతోందా, కుడికే పోతోందా? గ్రిప్ మీ మణికట్టుని తిప్పుతోంది. పదిసార్లు చేయండి, పదిసార్లూ ఏం కనిపించిందో రాసుకోండి.

సరిచేయడానికి పెద్ద సామాన్లు అక్కర్లేదు. ఎక్కడ ఒత్తుతోందో అక్కడ సాండ్ పేపర్‌తో కొంచెం కొంచెం రుద్దడం. ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ వుడ్ పుట్టీ పెట్టడం. మీ ఊరి వడ్రంగి దగ్గర కూర్చుని చేయించుకోవచ్చు, కానీ ఒక్కరోజులో మొత్తం చెక్కేయొద్దు. కొంచెం రుద్ది, మూడు రోజులు కాల్చి, మళ్లీ చూడాలి. తీసేసిన చెక్క మళ్లీ రాదు.

అరచేతి కింద ఒక పలక ఉంటుంది, పైకీ కిందికీ జరుగుతుంది. అది చేతికి ఆనాలి, నొక్కేయకూడదు. చెయ్యి తిమ్మిరెక్కుతోందంటే బాగా బిగించేశారని. ఇంకో రూల్, గ్రిప్ మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదు. అలా చెక్కితే పోటీ ముందు తనిఖీలోనే వెనక్కి పంపుతారు. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు. ఇవి ఐఎస్‌ఎస్‌ఎఫ్ రూల్స్.

ట్రిగ్గర్: అరలీటరు నీళ్ల బాటిల్‌తో

రూల్ ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ 500 గ్రాముల కంటే తేలిగ్గా ఉండకూడదు. తనిఖీలో బ్యారెల్‌ని నిలువుగా పెట్టి ట్రిగ్గర్‌కి 500 గ్రాముల బరువు తగిలించి ఎత్తుతారు. ట్రిగ్గర్ పడిపోకుండా బరువు పైకి లేవాలి.

ఇంట్లో ఎలా చూసుకోవాలి? అరలీటరు నీళ్ల బాటిల్ తీసుకోండి. నీళ్లే 500 గ్రాములు, బాటిల్ బరువు ఇంకొంచెం. కిరాణా షాపులో డిజిటల్ కాటా మీద పెట్టి, దారంతో కలిపి 520 గ్రాములు వచ్చేలా నీళ్లు సర్దండి. మూత బిగించి మార్కర్‌తో "520" అని రాసేయండి. ఇదే మీ ట్రిగ్గర్ గేజ్. పిస్టల్ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసి, బ్యారెల్ పైకి పెట్టి, ఆ దారం ట్రిగ్గర్‌కి తగిలించి మెల్లగా ఎత్తండి. నిలబడిందా, ఓకే.

సరిగ్గా 500 ఎందుకు పెట్టకూడదు? ఎందుకంటే స్క్రూలు వదులవుతాయి, కాటాలు కొంచెం తేడా వస్తాయి. మ్యాచ్ అయ్యాక కూడా కొందరిని పిలిచి చూస్తారు, అప్పుడు తేలిపోతే డిస్‌క్వాలిఫై. 20 గ్రాముల కోసం రోజంతా కొట్టిన స్కోరు పోగొట్టుకుంటారా?

ఇక్కడ నా సొంత కథ ఒకటి. ఒక పోటీకి ముందు రాత్రి లాడ్జిలో కూర్చుని "ఇంకొంచెం మెత్తగా ఉంటే బాగుండు" అని ఎలెన్ కీ తీశాను. పావు తిప్పు. పొద్దున తనిఖీలో బాటిల్ కాదు కదా, అసలు బరువే లేవలేదు. అక్కడే నిలబడి, చేతులు వణుకుతా మళ్లీ బిగించాను. తనిఖీ పాసయ్యింది కానీ ట్రిగ్గర్ నాది కాదు. ఏ క్షణంలో పడుతుందో తెలియని ట్రిగ్గర్‌తో 60 షాట్లు. స్కోరు చెప్పను, సిగ్గు. ఎవరినీ అనడానికి లేదు, తప్పు నాదే. అప్పటి నుంచి నా రూల్: మ్యాచ్‌కి రెండు వారాల ముందు నుంచి ఎలెన్ కీ ఇంట్లో బీరువాలో.

ట్రిగ్గర్‌లో బరువొక్కటే కాదు. రెండు దశలు ఉంటాయి. మొదట కొంచెం దూరం మెత్తగా వస్తుంది, తర్వాత ఒక గోడ తగులుతుంది, దాన్ని దాటితే షాట్. కొత్తవాళ్లకి ఆ గోడ స్పష్టంగా తెలిసేలా పెట్టుకోవాలి. మొదటి దశలోనే ఎక్కువ బరువు పెట్టుకుంటే గోడ దగ్గర మిగిలేది కొంచెమే. అప్పుడు గోడ దాటడానికి గుంజాల్సిన పని ఉండదు. ఇంకోటి, ట్రిగ్గర్ ముక్క ముందుకీ వెనక్కీ జరుగుతుంది. వేలి మొదటి కణుపు మెత్తటి భాగం దాని మీద పడాలి, లాగినప్పుడు వేలు నేరుగా వెనక్కి రావాలి. పక్కకి వస్తోందంటే ట్రిగ్గర్ దూరమైనా ఎక్కువుంది, దగ్గరైనా ఎక్కువుంది.

దీనికి మీ ఫోనే కోచ్. స్లో మోషన్ ఆన్ చేసి, పిస్టల్ వెనక కాదు, పక్కన స్టాండ్ మీద పెట్టండి. మనిషి ఎప్పుడూ ముందువైపు ఉండకూడదు. ఖాళీ పిస్టల్‌తో పది షాట్లు రికార్డ్ చేయండి. ట్రిగ్గర్ పడ్డ క్షణంలో బ్యారెల్ చివర దూకుతోందా? ఎటు దూకుతోంది? కోచ్ చెప్తే నమ్మని వాళ్లు కూడా వీడియో చూస్తే నమ్ముతారు.

సైట్లు, పెల్లెట్లు, గాలి

ఈ మూడూ గబగబా.

సైట్లు: ముందు సైట్ వెడల్పు, వెనక గాడి వెడల్పు మార్చుకోవచ్చు. ముందు సైట్‌కి రెండు పక్కలా వెలుతురు సన్నగా, సమానంగా కనిపించాలి. చాలామంది నల్ల గుండ్రం మీద కాకుండా, దాని కింద తెల్ల భాగంలో గురి పెడతారు. చూపు ముందు సైట్ మీద ఉండాలి, టార్గెట్ మసకగా కనిపించినా పర్వాలేదు. ఇందాకటి లెక్క గుర్తుందిగా, 31 మిల్లీమీటర్లు! అందుకే.

పెల్లెట్లు: మ్యాచ్ పెల్లెట్లు ఒక డబ్బాలో సాధారణంగా 500. రోజుకి 60 కాలిస్తే ఎనిమిది రోజులు. తల సైజులో 4.49, 4.50 అని నూరో వంతు మిల్లీమీటర్ తేడాలుంటాయి. పెద్ద షూటర్లు పిస్టల్‌ని క్లాంప్‌లో బిగించి ఏ బ్యాచ్ బాగుందో పరీక్షించి, ఆ బ్యాచ్‌వే ఎక్కువ కొని పెట్టుకుంటారు. మీకు ఇప్పుడు అవసరమా? మీ షాట్లు ఎనిమిదో రింగు దాకా చెదురుతుంటే పెల్లెట్ తేడా మీకు కనిపించదు. పేరున్న కంపెనీ మ్యాచ్ పెల్లెట్, ఒకే రకం, అది చాలు. అంచు నొక్కుకుపోయిన పెల్లెట్ పక్కన పడేయండి. పెల్లెట్ సీసం కాబట్టి కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కుని అప్పుడు తినండి. ఇది మర్చిపోవద్దు.

గాలి: ఇప్పటి మ్యాచ్ పిస్టళ్లలో గాలి సిలిండర్ ఉంటుంది, 200 బార్ దాకా నింపుతారు. మన ఊరి సంగతి ఇక్కడ వస్తుంది. మే నెలలో పార్క్ చేసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటొచ్చు. 25 డిగ్రీల దగ్గర 200 బార్ నింపిన సిలిండర్ 60 డిగ్రీలకి వెళ్తే సుమారు 223 బార్ అవుతుంది. సీళ్లు పోతాయి, ప్రమాదం కూడా. కారులో, బైక్ డిక్కీలో వదిలేయొద్దు. ఇంకోటి, మన ఎర్ర దుమ్ము. సిలిండర్ బిగించే చోట దుమ్ము పడితే లీకులు మొదలవుతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, మూత పెట్టి, పెట్టెలో ఉంచండి. అంతేగానీ కుట్టు మిషన్ నూనె అసలు పోయకండి. ఎక్కువ ఒత్తిడి ఉన్న గాలిలో నూనె ఉంటే మండే ప్రమాదం ఉంది. కంపెనీ చెప్పిన సిలికాన్ గ్రీజే వాడాలి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

మోరిని, స్టెయిర్, వాల్తర్, పార్దిని, ఫైన్‌వెర్క్‌బౌ. ఈ పేర్లు మీరు వినే ఉంటారు. పోటీల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. కొత్తది మన దగ్గరికి వచ్చేసరికి లక్ష ఎప్పుడో దాటిపోతుంది. వీటిలో ఏది మంచిది అంటే, నిజం చెప్పాలా? క్లాంప్‌లో బిగిస్తే అన్నీ పది రింగులోనే కొడతాయి. పదేళ్ల పాత పిస్టల్ కూడా కొడుతుంది. కాబట్టి పాతదానికి భయపడక్కర్లేదు, కానీ ఇవి చూడండి.

ఒకటి, సిలిండర్ మీద తయారీ తేదీ. పదేళ్లు దాటిన సిలిండర్‌ని పోటీల్లో ఒప్పుకోరు, భద్రత కోసం కూడా వాడకూడదు. "పిస్టల్ చవగ్గా ఇస్తా తమ్ముడూ" అన్నాయన సిలిండర్ తేదీ చెప్పకపోతే, కొత్త సిలిండర్ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి. రెండు, గాలి నింపి రాత్రంతా వదిలి పొద్దున గేజ్ చూడండి, ముల్లు దిగిందా? మూడు, గ్రిప్ మీ చేతికేనా, లేక ఆయన చేతికి చెక్కేశారా? చెక్కేసి ఉంటే కొత్త గ్రిప్ కావాలి. నాలుగు, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే బ్యాటరీ, స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కోండి. ఐదు, బిల్లు. బిల్లు లేని గన్ ఎంత చవకైనా వద్దు.

స్పేర్ల సంగతి ఎందుకు చెప్తున్నానంటే, టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 జూలై 25న, మను భాకర్ పిస్టల్ మ్యాచ్ మధ్యలో మొరాయించింది. దాన్ని సరిచేసుకుని వచ్చేసరికి బోలెడు టైమ్ పోయింది. 575 కొట్టి 12వ స్థానంలో ఆగిపోయింది. ఫైనల్‌కి రెండు పాయింట్లు తక్కువ. ప్రపంచంలోనే మంచి సామాను చేతిలో ఉన్నా అలా జరిగింది. మూడేళ్లకి పారిస్‌లో అదే మను రెండు కంచు పతకాలు తెచ్చింది, ఒకటి ఒంటరిగా, ఒకటి సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి. సామాను మోసం చేయొచ్చు. దాన్ని తట్టుకుని నిలబడే సాధన మాత్రం మనిషిలోనే ఉండాలి.

ఇప్పుడు తమ్ముడికి జవాబు

తమ్ముడూ, మీ నాయన ప్రేమ నాకు అర్థమైంది. ఇలాంటి నాయనలు మన దేశంలో షూటింగ్‌ని నిలబెట్టారు. హైదరాబాద్‌లో పెరిగి 2012 లండన్‌లో కంచు గెలిచిన గగన్ నారంగ్‌కి రైఫిల్ కోసం వాళ్ల నాన్నగారు స్థలం అమ్మారు. ఈషా సింగ్ కోసం వాళ్ల నాన్న ఇంట్లోనే పేపర్ టార్గెట్లతో రేంజ్ కట్టారు, గచ్చిబౌలి రేంజ్ దూరమని. నిజమే. కానీ ఇలాంటి కథల్లో మనకి గెలిచిన వాళ్లవే వినిపిస్తాయి. పొలం అమ్మి కొన్న గన్ అటక మీద పడున్న ఇళ్ల కథలు రీల్స్‌లో రావు.

అందుకని భూమి ఇప్పుడు అమ్మొద్దు. ముందు ఇలా చెయ్.

మొదట, మీ కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరు. అక్కడ కాల్చడం, అంతకంటే ముఖ్యంగా క్రమశిక్షణ నేర్పిస్తారు. ఖర్చు లేదు. తర్వాత, సెలవుల్లో బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లి, రేంజ్‌లో క్లబ్ పిస్టల్‌తో కొన్ని వారాలు నేర్చుకో. పుట్టపర్తి నుంచి బెంగళూరు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. బస్ ఛార్జీ, రేంజ్ ఫీజు, పెల్లెట్లు. దీనికి రెండెకరాలు అక్కర్లేదు. ఒక పంటలో మిగిలింది చాలు.

ఇంటికొచ్చాక ఖాళీ చేత్తోనే సాధన చెయ్. అరలీటరు బాటిల్ రెండు కలిపి కట్టుకుని, చెయ్యి చాచి, తెల్ల గోడకి ఎదురుగా నిలబడు. మ్యాచ్ పిస్టల్ బరువు కూడా ఇంచుమించు అంతే. ఒక నిమిషం పట్టుకో, ఒక నిమిషం వదులు. పది రౌండ్లు. మొదటి వారం భుజం ఊడిపోతుంది, మూడో నెలకి ఆ భుజమే నీ ఆస్తి. మ్యాచ్‌లో 60 షాట్లు 75 నిమిషాల్లో కాల్చాలి, పైగా ప్రతి షాట్‌కీ చెయ్యి ఎత్తి దించాలి. ఇంకో విషయం, పెల్లెట్ వేగం సెకనుకి సుమారు 150 మీటర్లు. బ్యారెల్ వదిలి టార్గెట్‌కి చేరడానికి సెకనులో పదిహేనో వంతు. షాట్ పడగానే చెయ్యి దించేసే అలవాటు ఉంటే, పెల్లెట్ బ్యారెల్ వదలకముందే దించడం మొదలవుతుంది. షాట్ పడ్డాక కూడా రెండు సెకన్లు అలాగే నిలబడటం నేర్చుకో. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆరు నెలలు ఇలా చేశాక క్లబ్ పిస్టల్‌తో 600కి 530, 540 నిలకడగా వస్తున్నాయా? ఇది నా లెక్క, రూల్ కాదు. వస్తుంటే అప్పుడు తేదీ బాగున్న, బిల్లున్న సెకండ్ హ్యాండ్ పిస్టల్ చూద్దాం. మాట ఇస్తున్నా, నేనే కూర్చుని చూసిపెడతా. గ్రిప్ సరిచేసుకుందాం, బాటిల్‌తో ట్రిగ్గర్ సెట్ చేసుకుందాం. ఒక నోట్‌బుక్ పెట్టు. ఒకసారికి ఒకటే మార్చు, ఏ తేదీన ఏ స్క్రూ ఎంత తిప్పావో రాయి, మూడు రోజుల స్కోరు పక్కన రాయి. స్కోరు పెరిగితే ఉంచు, లేకపోతే వెనక్కి తిప్పెయ్. పోటీలు మొదలయ్యాక, నీ స్కోరే నిన్ను ఆపుతోందా, పిస్టల్ ఆపుతోందా అన్నది నోట్‌బుక్కే చెప్తుంది. అది పిస్టల్ అని తేలిన రోజు మీ నాయనతో మళ్లీ కూర్చుందాం.

మన ఆంధ్ర నుంచి కూడా దారి ఉంది. గుంటూరు కుర్రాడు ముకేశ్ నేలవల్లి 2024లో పెరూలోని లీమాలో జరిగిన జూనియర్ వరల్డ్ చాంపియన్‌షిప్‌లో పతకాలు గెలిచాడు. రేపు కొత్తచెరువు నుంచి ఎందుకు రాకూడదు?

చివరిగా, భద్రత

ఎయిర్ పిస్టల్ బొమ్మ కాదు. ఒక పెల్లెట్ కన్ను తీసేయగలదు. లోడ్ చేసి ఉందనే అనుకుని పట్టుకోండి. కాల్చే దిక్కు తప్ప ఇంకెటూ తిప్పొద్దు. ఇంట్లో కాలిస్తే వెనక పెల్లెట్‌ని ఆపే గట్టి అడ్డు, పక్క నుంచి ఎవరూ రాలేని చోటు ఉండాలి. వీధిలో, మేడ మీద, పిట్టల మీద, స్నేహితుల వీడియోల కోసం వద్దు. ఒక్క పిచ్చి రీల్ చాలు, మీ పేరే కాదు, ఈ ఊళ్లో రేంజ్ రావాలని అడిగే వాళ్లందరి నోరూ మూతపడుతుంది.

ఇంతే ఈరోజుకి. మీ దగ్గర పిస్టల్ ఉంటే ఆ కళ్లు మూసుకునే పరీక్ష చేసి, పదిసార్లలో ఎన్నిసార్లు సైట్ మధ్యలో వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. లేనివాళ్లు నీళ్ల బాటిల్ ఎంతసేపు పట్టుకున్నారో పెట్టండి. తమ్ముడూ, నువ్వు కూడా పెట్టు, చూస్తుంటా. మీ నాయనకి నా నమస్కారం చెప్పు. భూమి భద్రం అని చెప్పు.

ఉంటాను మరి.